టీ ఉందా? ఆ కప్పు ఎవరిది?



ఈ వారం వీడియోలో మాటతో చేసే తపస్సు గురించి మాట్లాడుకున్నాం కదా. టైం చాలక ఒక విషయం వదిలేశానని చివర్లో అన్నాను. టైం చాలకపోవడం సాకు. కెమెరా ముందు ఆ విషయం చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాయడం కొంచెం తేలిక, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కొన్నేళ్ళ కిందట హైదరాబాద్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేదాన్ని. రూమ్‌కి ముగ్గురం. ఒక రాత్రి ఆరేసిన బట్టలు తెచ్చుకుందామని డాబా మీదికి వెళ్ళాను. వాటర్ ట్యాంక్ వెనక మా రూమ్మేట్ ఫోన్‌లో ఏడుస్తూ మాట్లాడుతోంది. తనకి నిశ్చితార్థం అయ్యి అప్పటికి రెండు నెలలు. నాకు వినపడిన నాలుగు ముక్కల్లోనే విషయం అర్థమైపోయింది. పెళ్ళి ఆగిపోయింది. ఉంగరం తిరిగి పంపించేశారు.

వినపడనట్టే బట్టలు తీసుకుని కిందికొచ్చాను. మంచం మీద కూర్చుని, తను లేని మా వాట్సాప్ గ్రూప్‌లో రెండే రెండు పదాలు కొట్టాను. "టీ ఉంది."

నిమిషం తిరక్కుండా "చెప్పు చెప్పు" అని వరసగా మెసేజ్‌లు వచ్చాయి. చెప్పేశాను. ఒక్క అబద్ధం కలపలేదు. గోరంతని కొండంత చేయలేదు. చివర్లో "పాపం రా" అని కూడా చేర్చాను. మంచిదాన్ని కదా మరి!

మీరు కూడా ఈ "టీ" అనే మాట వాడుతూనే ఉంటారు. మన వీడియోల కింద కూడా "అక్కా, ఫలానా ఆయన గురించి టీ చెప్పండి" అని అడిగేవాళ్ళున్నారు. అందుకే ముందు ఆ పదం సంగతి చూద్దాం. పదం వెనక ఉన్న కథ తెలిశాక నేను చేసిన పని నాకు ఇంకోలా కనిపించింది.

ఈ టీ ఏ టీ?

"స్పిల్ ద టీ" అంటే లోపలి సంగతి బయటపెట్టమని. "వాట్స్ ద టీ" అంటే ఏంటి సంగతి అని. "టీ సిప్ చేస్తున్నా" అంటే మధ్యలో దూరకుండా తీరిగ్గా కూర్చుని వింటున్నా అని. "నో టీ, నో షేడ్" అంటే నిన్ను కించపరచాలని కాదుగానీ, అని. ఆ మాట తర్వాత వచ్చేది దాదాపు ఎప్పుడూ కించపరిచే మాటే.

టీ తాగుతూ పక్కవాళ్ళ సంగతులు చెప్పుకోవడం మనకేం కొత్త కాదు. ఇంగ్లీషువాళ్ళకీ కొత్త కాదు. 1811లో లండన్‌లో అచ్చయిన ఒక వీధిభాష నిఘంటువులో టీకి "స్కాండల్ బ్రాత్" అని ఒక ముద్దుపేరు కనిపిస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే అపవాదుల చారు! అయితే ఇప్పుడు మనం వాడే "టీ" ఆ కప్పులోంచి రాలేదనీ, ఇంగ్లీషు అక్షరం "టీ" లోంచి వచ్చిందనీ చాలామంది చెప్పే మాట. "ట్రూత్" అంటే నిజం. దాని మొదటి అక్షరం.

ఆ వాడుక అమెరికాలోని నల్లజాతి డ్రాగ్ కళాకారుల లోకంలో పుట్టింది. ఆడవేషంలో ఆట, పాట, హాస్యం కలిపి వేదిక మీద ప్రదర్శనలిచ్చేవాళ్ళు వాళ్ళు. 1994లో జాన్ బెరెండ్ట్ అనే రచయిత జార్జియా రాష్ట్రంలోని సవానా నగరం గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ద లేడీ షబ్లీ అనే కళాకారిణి ఈ మాట వాడుతుంది. అర్థం కాక ఆయన అడిగితే వివరిస్తుంది కూడా. ఆమె లెక్కలో "నా టీ" అంటే నా సంగతి, నా బతుకులో జరుగుతున్నది. ఆ తర్వాత 2009లో మొదలైన ఒక అమెరికన్ టీవీ పోటీ వల్ల ఈ మాట ఊరూరా పాకింది. అక్కణ్ణించి మీమ్స్‌లోకి, మీమ్స్‌లోంచి మన మాదాపూర్‌లోకి, ఎం.వి.పి. కాలనీలోకి వచ్చేసింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆమె "నా టీ" అంది. నా నిజం, నాది. తన గురించిన నిజం బయటపడితే ఉద్యోగం, అద్దె ఇల్లు, ఒక్కోసారి ప్రాణమే పోయే లోకంలో బతికిన మనుషులు వాళ్ళు. ఎవరికి చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకునే హక్కు తమ దగ్గర ఉండటం వాళ్ళకి చాలా పెద్ద విషయం.

మరి ఆ పదం మన దాకా వచ్చేసరికి ఏమైంది? "నా టీ" పోయింది. "దాని టీ", "వాడి టీ" మిగిలాయి. నేను గ్రూప్‌లో "టీ ఉంది" అన్నప్పుడు, ఆ టీ నాది కాదు. ఇంకొకరి కప్పు తీసుకొచ్చి పదిమందికీ పంచాను.

"నిజమే కదా చెప్పింది!"

చాడీలు చెప్పడం తప్పని చిన్నప్పట్నించి వింటూనే ఉన్నాం. కొండేలు చెప్పకూడదు, పుల్లలు పెట్టకూడదు, పితూరీలు మోయకూడదు. తెలుగులో ఈ పనికి ఉన్నన్ని పేర్లు చూస్తే, మన పెద్దవాళ్ళకి ఇది ఎంత బాగా తెలిసిన జబ్బో అర్థమవుతుంది. కానీ ఈ మాటలేవీ మనకి తగిలినట్టు అనిపించవు. ఎందుకంటే మన దగ్గర ఒక రక్షణ కవచం ఉంది. "నేనేం అబద్ధం చెప్పలేదు. ఉన్నదే చెప్పాను."

నిజం చెప్పడం ధర్మమే కదా, మరి ఉన్న నిజం చెబితే తప్పేంటి? ఇదీ అసలు ప్రశ్న.

భగవద్గీత పదిహేడో అధ్యాయం పదిహేనో శ్లోకంలో మాట తపస్సు ఎప్పుడవుతుందో కృష్ణుడు చెప్తాడు. ఆ మాట ఎదుటివాళ్ళని అల్లకల్లోలం చేయకూడదు. నిజమై ఉండాలి. ప్రియంగా ఉండాలి. హితం చేయాలి. మొత్తం నాలుగు. నిజం అందులో ఒకటి, అంతే. మనం ఏం చేస్తున్నామంటే, నాలుగు సబ్జెక్టుల్లో ఒక్కదాంట్లో పాసై, మెమో పట్టుకుని ఊరంతా తిరుగుతున్నాం.

ఇంకో చోటు ఉంది. పదహారో అధ్యాయంలో దైవీ గుణాల జాబితా వస్తుంది. అభయం, దానం, అహింస, సత్యం, ఇలా. రెండో శ్లోకంలో సత్యం అనే గుణం ఉంది. అదే శ్లోకంలో, మూడు నాలుగు మాటల అవతల, "అపైశునం" అని ఇంకో గుణం ఉంది. పైశునం లేకపోవడం అన్నమాట. మరి సత్యం చెప్పేశాక దీన్ని మళ్ళీ విడిగా ఎందుకు చెప్పాలి?

శంకరాచార్యులు తన భాష్యంలో పైశునం అంటే ఏమిటో చిన్న మాటలో చెప్తారు. ఒకరి లోపాలని ఇంకొకరి దగ్గర బయటపెట్టడం. ఆయన అక్కడ వాడిన మాటకి అక్షరాలా అర్థం చూస్తే, రంధ్రం. ఇంకొకరి గోడకున్న కన్నం నుంచి లోపలికి చూసి, చూసింది పక్కవాడికి చూపించడం. ఆ లోపం అబద్ధమై ఉండాలని ఆయన ఎక్కడా అనలేదు. లేని లోపం అంటగడితే దానికి వేరే పేరుంది. ఉన్న లోపాన్ని, ఉన్నది ఉన్నట్టుగా, సంబంధం లేనివాడి చెవిన వేయడమే పైశునం.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు చెంప మీద కొట్టినట్టయింది. నా కవచం కాస్తా పోయింది.

మంథర చెప్పింది అబద్ధమా?

మనందరికీ తెలిసిన కథే, కానీ ఒకసారి నెమ్మదిగా చూద్దాం. మంథర మేడ మీద నుంచి చూసింది. అయోధ్య అంతా తోరణాలు, జనం, సందడి. ఏంటి విశేషమని దగ్గర్లో కనిపించిన దాదిని అడిగింది. రేపు రాముడికి పట్టాభిషేకం అని తెలిసింది. పరుగున కైకేయి దగ్గరికి వెళ్ళి చెప్పింది.

ఇందులో అబద్ధం ఎక్కడుంది? వార్త నిజం. సోర్స్ నమ్మకమైనదే. ఈ రోజుల్లో అయితే "బ్రేకింగ్" అని పెట్టేవాళ్ళం.

కైకేయి ఏం చేసింది? సంతోషపడింది. మంచి వార్త తెచ్చావని నగ తీసి బహుమతిగా ఇచ్చింది. నాకు రాముడూ భరతుడూ వేరు కాదంది. ఆ క్షణంలో కథ ఆగిపోయి ఉంటే రామాయణమే లేదు. కానీ మంథర ఆ నగ విసిరికొట్టింది. వార్త అయిపోయింది, వ్యాఖ్యానం మొదలైంది. "నీకు అర్థం కావట్లేదు" అంటూ ప్రతి నిజానికీ ఒక భయం తగిలించింది.

ఈ కథలో మనం సాధారణంగా దాటేసే ఒక చిన్న విషయం ఉంది. అదే సాయంత్రం దశరథుడు కైకేయి అంతఃపురానికి బయల్దేరాడు. ఎందుకు? ఆ శుభవార్త తన నోటితో తనే చెప్దామని. ఆ నిజం ఆయనది. దాన్ని భార్యకి చెప్పుకునే సంతోషం ఆయనది. ఏ మాటతో మొదలుపెట్టాలో, భరతుడి గురించి ఏం చెప్పాలో, ఆమె ముఖం చూస్తూ చెప్పాల్సిన మనిషి ఆయన. ఆయన వెళ్ళేసరికి ఆ మాట ఇంకొకరి నోట్లో తిరిగి, విషమై, కోపగృహంలో నేల మీద పడుంది.

మంథర చేసిన పాపం దురుద్దేశం ఒక్కటే కాదనిపిస్తుంది నాకు. తనది కాని నిజాన్ని, చెప్పాల్సిన మనిషి కంటే ముందు చెప్పేసింది.

ఇప్పుడు మా హాస్టల్ సంగతికి వస్తాను. నేను మెసేజ్ పెట్టింది మంగళవారం రాత్రి. మా రూమ్మేట్ శనివారం రాజమండ్రి వెళ్ళి, వాళ్ళమ్మగారి పక్కన కూర్చుని చెప్దామనుకుంది. ఆవిడకి బీపీ. ఫోన్‌లో చెప్పే విషయం కాదు. అందుకే ఆ నాలుగు రోజులూ రోజూ రాత్రి ఫోన్ చేసి నవ్వుతూ మాట్లాడేది. మా గ్రూప్‌లో ఒకమ్మాయి తన కజిన్‌కి చెప్పింది. ఆ కజిన్ అత్తగారిది రాజమండ్రే. శుక్రవారం పొద్దున వాళ్ళమ్మగారు రైతుబజార్లో కూరగాయలు కొంటుంటే, దూరపు చుట్టం ఒకావిడ ఎదురై అడిగింది. "ఏమ్మా, పెళ్ళి ఆగిపోయిందటగా?"

ఆవిడకి తెలియదు. తెలియదని అక్కడ చెప్పలేదు కూడా. ఏదో అని తప్పించుకుని, ఆటో ఎక్కి ఇంటికొచ్చి కూతురికి ఫోన్ చేశారు.

బహుశా అన్న మాట బయల్దేరితే

నాది నిజం, సరే. మనం చెప్పుకునే టీలో సగం నిజం కూడా కాదు. ఊహ. శమంతకమణి కథ చూడండి. ప్రతి వినాయక చవితికీ వింటాం, అక్షింతలు పట్టుకుని, ఎప్పుడైపోతుందా, ఉండ్రాళ్ళు ఎప్పుడు తిందామా అనుకుంటూ.

సత్రాజిత్తు తమ్ముడు ప్రసేనుడు ఆ మణి మెడలో వేసుకుని వేటకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. కృష్ణుడు ఒకప్పుడు ఆ మణి అడిగాడు కదా, బహుశా కృష్ణుడే చంపి ఉంటాడు అన్నాడు సత్రాజిత్తు. భాగవతంలో ఆయన మాట "బహుశా" అనే మొదలవుతుంది. అది విన్న జనం ఒకరి చెవిలో ఒకరు ఊదుకున్నారు. చెవులు మారేకొద్దీ ఆ "బహుశా" ఎక్కడ రాలిపోయిందో ఎవరికీ తెలియదు. ద్వారకని కాపాడిన మనిషి ద్వారకలోనే హంతకుడైపోయాడు.

కృష్ణుడు ఎవరితోనూ వాదించలేదు. ఊళ్ళోవాళ్ళని వెంటపెట్టుకుని అడవికి వెళ్ళాడు. ప్రసేనుడి శవం దొరికింది, సింహం జాడ దొరికింది, చచ్చిపడిన సింహం దొరికింది, జాంబవంతుడి గుహ దొరికింది. రోజుల తరబడి పోరాడి మణి తెచ్చి సత్రాజిత్తు చేతిలో పెట్టాడు. సత్రాజిత్తు సిగ్గుతో తల దించుకున్నాడు.

ఆలోచించండి. ఒక్క ఊహని చెరపడానికి సాక్షాత్తూ భగవంతుడికే ఇంత పనైంది. మామూలు అమ్మాయికో అబ్బాయికో ఎంతవుతుంది?

ఇంకో మాట. చవితి రోజు కథ విని తల మీద అక్షింతలు వేసుకునేది మన మీద నీలాపనిందలు పడకూడదని. బాగుంది. కానీ ఆ కథలో మనం ఎప్పుడూ కృష్ణుడి పక్కనే నిలబడతాం. చెవిలో ఊదిన ఆ ద్వారక జనంలో మనం ఉన్నామేమో అని ఒక్క ఏడాదైనా అనుకున్నామా?

మరి నోరు మూసుకుని కూర్చోవాలా?

మీలో కొందరికి ఇప్పటికే ఒక అభ్యంతరం వచ్చి ఉంటుంది. న్యాయమైన అభ్యంతరమే. కబుర్లు లేకపోతే మనుషులు దగ్గరెలా అవుతారు? అమ్మ, పిన్ని, పెద్దమ్మ వంటింట్లో కూర్చుని చెప్పుకున్న ముచ్చట్లే కదా మనకి చుట్టరికాలు నేర్పింది?

నిజమే. ఇంగ్లీషులో "గాసిప్" అనే మాట కూడా మొదట్లో చెడ్డమాట కాదు. బిడ్డ బాప్టిజం అప్పుడు తల్లిదండ్రుల పక్కన నిలబడే ఆప్తులని అలా పిలిచేవాళ్ళు. తర్వాత దగ్గరి స్నేహితులు, ఆ తర్వాత కాన్పు సమయంలో తోడుండే ఆడవాళ్ళు, చివరికి వాళ్ళు చెప్పుకునే కబుర్లు. రాబిన్ డన్‌బార్ అనే శాస్త్రవేత్త 1996లో ఒక పుస్తకమే రాశాడు. కోతులు ఒకదాని ఒళ్ళు ఒకటి నిమిరి దగ్గరైనట్టు, మనుషులు ఒకరి గురించి ఒకరు మాట్లాడుకుని దగ్గరయ్యారని ఆయన వాదన. కాబట్టి "ఫలానా వాళ్ళ అబ్బాయికి ఉద్యోగం వచ్చిందట" అన్నది పాపం కాదు. మనుషుల మీద మనుషులకి ఆసక్తి ఉండటం తప్పు కాదు.

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకోటి ఉంది. "ఎవరి గురించీ వెనక మాట్లాడకూడదు" అనే నీతిని చెడ్డవాళ్ళే బాగా వాడుకుంటారు. టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయికి "ఆ మనిషితో ఒంటరిగా లేట్ నైట్ కాల్స్ పెట్టుకోకు" అని సీనియర్ చెబితే అది చాడీయా? డబ్బు తీసుకుని ఎగ్గొట్టే అలవాటున్నవాడి గురించి స్నేహితుడిని హెచ్చరిస్తే పైశునమా?

కాదు. దీనికి మన దగ్గర విదురుడున్నాడు.

వారణావతానికి పాండవులు బయల్దేరుతున్నారు. అక్కడ వాళ్ళకోసం కట్టింది లక్క ఇల్లని విదురుడికి తెలుసు. అది దుర్యోధనుడి రహస్యం. బయటపెట్టడం ఇంటి గుట్టు బయటపెట్టడమే. కానీ ఆయన ధర్మరాజుకి చెప్పాడు. ఎలా చెప్పాడు? చుట్టూ ఉన్నవాళ్ళకి అర్థం కాని మాటల్లో, అర్థం కావాల్సిన ఒక్కడికే అర్థమయ్యేలా. పక్కనే ఉన్న కుంతికి కూడా తెలియక, ఆయన ఏమన్నాడని తర్వాత కొడుకుని అడిగింది. చెప్పి ఊరుకోలేదు కూడా. సొరంగం తవ్వేవాణ్ణి పంపించాడు.

మంథర, విదురుడు ఇద్దరూ ఇంకొకరి గురించి నిజమే చెప్పారు. ఇద్దరూ వెనకే చెప్పారు. మరి తేడా ఎక్కడుంది? నాకు తోచింది చెప్తాను. విదురుడు చెప్పిన నిజం, ఆ లక్క ఇంట్లో కాలిపోబోయే మనుషులది. ప్రాణం ఎవరిది పోబోతోందో ఆ నిజం వాళ్ళ సొత్తు. దాన్ని దాచుకునే హక్కు దుర్యోధనుడికి లేదు. విదురుడు వాళ్ళ వస్తువు వాళ్ళకి అందజేశాడు, అంతే. దానికి తన ప్రాణం కూడా పణంగా పెట్టాడు.

ఈ తేడా ఈ రోజుకీ పనికొస్తుంది. ఆఫీసులో ఎవరైనా వేధిస్తే 2013 నాటి చట్టం ప్రకారం, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. అక్కడ చెప్పడం టీ ఒలకబోయడం కాదు, నిజాన్ని చేరాల్సిన చెవికి చేర్చడం. ఆ చట్టమే ఇంకో మాట కూడా అంటుంది. ఫిర్యాదు వివరాలు, ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటపెట్టకూడదని. ఎందుకంటే బాధపడినవాళ్ళ కథ వాళ్ళది. "అది ధైర్యంగా కంప్లైంట్ ఇచ్చిందట తెలుసా" అని మెచ్చుకుంటూ పదిమందికి చెప్పినా, ఆ కప్పు మనది కాదు.

వినేవాళ్ళ వాటా

"నేను చెప్పను బాబూ, వింటానంతే" అనేవాళ్ళున్నారు. టీ సిప్ చేసే బ్యాచ్. నేనూ చాలాకాలం ఆ బ్యాచ్‌లో ఉన్నాను.

కైకేయిని మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. మొదట ఆమె మంచిమాటే అంది. ఆమె తప్పు ఆ మాట అన్నాక లేచి వెళ్ళిపోకపోవడం. ఇంకో అయిదు నిమిషాలు విందాం అనుకోవడం. విన్నకొద్దీ మనసు తిరుగుతుంది. చెవి ఊరికే విని వదిలేసే గొట్టం కాదు, లోపల ఏదో ఒకటి పేరుకుంటుంది. మా గ్రూప్‌లో ఆ రాత్రి ఒక్కరైనా "తను నీకు చెప్పమందా?" అని అడిగి ఉంటే నేను అక్కడే ఆగేదాన్ని. నిజంగా ఆగేదాన్ని. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

అందుకే, ఎవరైనా మీతో "టీ ఉంది" అన్నప్పుడు క్లాసు పీకక్కర్లేదు. గీత శ్లోకాలు ఫార్వర్డ్ చేయక్కర్లేదు. మామూలుగా అడగండి. "తనకి తెలుసా నువ్వు చెప్తున్నట్టు?" అంతే. చాలా టీలు అక్కడే చల్లారిపోతాయి.

ఆ తర్వాత

నేనే చెప్పానని మా రూమ్మేట్‌కి తెలియడానికి గంట కూడా పట్టలేదు. ఎవరో స్క్రీన్‌షాట్ పంపారు. నేను సారీ చెప్పాను. కంగారులో "నేనేం లేనిపోనివి చెప్పలేదే" అని కూడా అన్నాను.

తను కోప్పడలేదు. బ్యాగ్ సర్దుకుంటూ ఒక్క మాట అంది. "నువ్వు చెప్పింది అబద్ధమైనా బాగుండేది. అమ్మకి కాదని చెప్పేదాన్ని."

నిజం అబద్ధం కంటే ఎక్కువ గాయం ఎలా చేస్తుందో నాకు ఆ రోజు తెలిసింది. అబద్ధాన్ని కాదనొచ్చు. పోరాడొచ్చు. మణి తెచ్చి చేతిలో పెట్టొచ్చు. నిజం ముందుగానే, తప్పు నోటి నుంచి వచ్చేస్తే, దాన్ని కాదనడానికి లేదు, మళ్ళీ మొదటిసారి చెప్పడానికీ లేదు.

కొన్నాళ్ళకి వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆవిడ ఎంతో మెత్తగా, "నువ్వు కాకపోతే ఇంకెవరో చెప్పేవాళ్ళులే అమ్మా" అన్నారు. అది ఆవిడ పెద్దమనసు. నేను మాత్రం ఆ మాటని నా సాకుగా వాడుకోకూడదు. ఇంకెవరో చెప్పేవాళ్ళేమో. కానీ చెప్పింది నేను.

మేమిద్దరం ఇప్పటికీ స్నేహితులమే. తన పెళ్ళికీ వెళ్ళాను, వేరే అబ్బాయితో, బాగా జరిగింది. మా ఇంటికి వస్తుంది, కలిసి భోంచేస్తాం, నవ్వుకుంటాం. కానీ ఫోన్ మోగితే మాత్రం నా ముందు మాట్లాడదు. లేచి మెట్ల దాకా వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి మాట్లాడి వస్తుంది. అలా చేస్తున్నట్టు తనకే తెలియదేమో. నాకు తెలుసు.

ఈ వారానికి ఒక చిన్న నియమం పెట్టుకుందామా? ఏకాదశికి ఉపవాసం ఉంటాం కదా, అలాగే ఒక్క రోజు నాలుకకి ఉపవాసం. మౌనవ్రతం కాదు, మామూలుగానే మాట్లాడండి. ఎదురుగా లేని మనిషి సంగతి నోటిదాకా వచ్చినప్పుడు మాత్రం "నిజమేనా" అని కాకుండా, "ఈ నిజం ఎవరిది" అని అడగండి. వినేవాళ్ళదైతే, వాళ్ళకి హాని తప్పించేదైతే, విదురుడిలా ధైర్యంగా వాళ్ళకే చెప్పండి. ఎదురుగా లేని ఆ మనిషిదే అయితే, వాళ్ళ కప్పు వాళ్ళ దగ్గరే ఉండనివ్వండి.

మన నోట్లో నువ్వుగింజ నానదని మన అమ్మమ్మలు ఊరికే అనలేదు. ఒక్క రోజు నాననిచ్చి చూద్దాం. రాత్రి పడుకునే ముందు ఎన్నిసార్లు ఆగామో, ఎన్నిసార్లు ఆగలేకపోయామో లెక్క చూసుకుని, రెండూ కృష్ణుడికే చెప్పుకుందాం. ఆయన దగ్గర చెప్పుకున్నది ఎక్కడికీ పోదు.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.